తలకోనలో ఒక రాత్రి, ఒక చిన్న నడక



అడవిదారిన కొండెక్కడం మనకు కొత్త కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవాళ్ళో, శ్రీవారిమెట్టు దారిన 2,388 మెట్లెక్కినవాళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరో ఒకరు ఉంటారు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసపడి కూలబడిన అవ్వకు చెయ్యందించి, "ఇంకెంతో లేదు, లే అవ్వా" అనే మనవళ్ళను మనం చూస్తూనే ఉంటాం. నోట గోవింద నామం, మనసులో దర్శనం, చూపు పైమెట్టు మీద. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళను "దారిలో ఏ చెట్లున్నాయి?" అని అడిగితే మాత్రం జవాబు రాదు. అది వాళ్ళ తప్పని నేననను. యాత్రకు వెళ్ళినవాడి మనసు స్వామి మీదే ఉండాలి, ఉంటుంది కూడా. కానీ ఆ కొండల్నీ ఆ కోనల్నీ చూడటానికే, వేరే పనేదీ పెట్టుకోకుండా, ఒక్కసారి వెళ్ళి రావాలని నా కోరిక. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది దాని గురించే.

తిరుమల చుట్టూ ఉన్న ఈ అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో దీన్ని కలుపుకొని శేషాచలం కొండల్లో చాలా భాగాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తించారు. ఉద్యానవనం అనగానే పూలమళ్ళు, సిమెంటు బెంచీలు ఊహించుకోకండి. ఇది కణితులూ దుప్పులూ తిరిగే అడవి. ఎలుగుబంటి ఉంది, చిరుత ఉంది, కొన్నేళ్ళుగా ఏనుగులూ ఉన్నాయి. ఇందులో మనలాంటివాళ్ళు ఒక రాత్రి ఉండి, పొద్దున్నే కాసేపు నడిచి రావడానికి అనువైన చోటు తలకోన.

తిరుపతి నుంచి సుమారు యాభై, అరవై కిలోమీటర్లు. భాకరాపేట మీదుగా వెళ్ళి నెరబైలు దాటితే అడవి మొదలవుతుంది. లోపల సిద్ధేశ్వరస్వామి గుడి, ఆ పైన జలపాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన జలపాతంగా పేరున్నది ఇదే, దాదాపు 270 అడుగులు. సెలవురోజుల్లో వందలాది మంది వస్తారు. ఎక్కువమంది పదకొండింటికి దిగి, నీళ్ళ కింద తడిసి, తెచ్చుకున్నది తిని, నాలుగింటికల్లా తిరుగు ప్రయాణం కడతారు. అడవి మేలుకునేది తెల్లవారుజామున, మళ్ళీ సందెవేళ. ఆ రెండు వేళల్లోనూ వాళ్ళు అక్కడ ఉండరు. అందుకే నేను రాత్రి ఉండమంటున్నాను.

ఉండటానికి అక్కడ అటవీశాఖ వసతి గదులున్నాయి. స్థానిక వన సంరక్షణ సమితి తరఫున చుట్టుపక్కల పల్లెల వాళ్ళే ఆ ఏర్పాట్లు చూస్తారు. వంట, కాపలా, దారి చూపడం అన్నీ వాళ్ళ చేతిమీదుగానే. మీరు కట్టే డబ్బులో కొంత ఆ పల్లెలకు చేరితే, ఆ పల్లెవాళ్ళకు అడవిని నిలబెట్టుకోవాలన్న పట్టుదల పెరుగుతుంది. గుడారంలోనే పడుకోవాలని మీ ముచ్చట అయితే తప్పక అడగండి. కానీ అటవీశాఖ చూపించిన చోటే వేసుకోవాలి. బాగుందని ఏటి ఒడ్డునో, చదునుగా ఉందని గుట్ట మీదో సొంతంగా డేరా వెయ్యడం కుదరదు. జాతీయ ఉద్యానవనంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బయలుదేరే ముందు ఫోన్ చేసి, గదులు దొరుకుతాయా, దారి తెరిచి ఉందా, నీళ్ళున్నాయా అని కనుక్కోండి. వానలు గట్టిగా పడితే దారి మూస్తారు.

చట్టం గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కొండల్లో ఎర్రచందనం దొంగరవాణా దశాబ్దాలుగా సాగుతోంది. దాని కోసం మనుషులు చచ్చిపోయారు. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్లు చంపేశారు. 2015 ఏప్రిల్‌లో ఒకే తెల్లవారుజామున, చెట్లు నరకడానికి కూలికి వచ్చిన 20 మంది పోలీసు కాల్పుల్లో పోయారు. ఆ రెండు వార్తలూ ఈ ప్రాంతంవాళ్ళ మనసుల్లోంచి పోలేదు. ఇప్పటికీ అక్కడ గస్తీ తిరుగుతూనే ఉంటుంది. అందుకని గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవడం, కాలిబాట వదలకపోవడం, చీకటిపడ్డాక వసతి దాటకపోవడం మీ క్షేమం కోసమే.

మూటలో ఏం కట్టుకోవాలి? తక్కువ కట్టుకోండి. మడమను పట్టి ఉంచే బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టార్చి, రాత్రికి కప్పుకోవడానికి ఒక దుప్పటి, నిండు చేతుల చొక్కా. కార్తీక మార్గశిర మాసాల్లో కోనలో చలి బాగానే ఉంటుంది. బూట్లను రాత్రి బయట వదిలితే పొద్దున్నే దులిపి తొడుక్కోవాలి, తేళ్ళు దూరతాయి. చీకట్లో అడుగు వేసే ముందు టార్చి వేసి నేల చూడాలి, రక్తపింజరి దారి మధ్యన కదలకుండా పడుకుని ఉంటుంది. తిండి విషయంలో మన పెద్దల సద్దిమూటను మించింది లేదు. పులిహోర, పెరుగన్నం, వేయించిన వేరుసెనగలు స్టీలు డబ్బాల్లో పెట్టుకుంటే కోతికి కనబడదు, చెత్త మిగలదు. నడిరోడ్డు మీద కూర్చుని కోతులకు బిస్కెట్లు పంచిపెట్టడం పుణ్యమని కొందరి నమ్మకం. ఆ కోతి మర్నాడు ఇంకొకరి బిడ్డ చేతిలోంచి సంచీ లాక్కుంటుంది. దయచేసి పెట్టకండి.

ఇక రాత్రి సంగతి.

పొద్దు కొండ చాటుకు వెళ్ళగానే కోనలో వెలుతురు త్వరగా తగ్గిపోతుంది. పగలంతా అరిచిన పిట్టలు సద్దుమణుగుతాయి. చివరగా అడవికోడి ఒకటి రెండుసార్లు కూసి మానేస్తుంది. ఆ తర్వాత పావుగంట సేపు ఏమీ వినిపించదు. మన పిల్లలకు ఈ పావుగంటే కష్టం. ఫోన్ వైపు చెయ్యి పోతుంది. అక్కడ సిగ్నల్ సరిగా అందదు, అది మంచిదే. కాసేపు ఓపిక పట్టమనండి. మొదట కీచురాళ్ళు. తర్వాత "చక్ చక్ చక్" అంటూ, గచ్చు మీద వదిలేసిన గోలీ ఎగిరెగిరి పడుతూ దగ్గరపడినట్టు, ఒక చప్పుడు. అది నైట్‌జార్ అనే రాత్రిపిట్ట. పగలంతా ఎండుటాకుల మీద ఎండుటాకులాగే పడుకుని, చీకటిపడ్డాక పురుగుల వేటకు లేస్తుంది. ఎక్కడో లోయలోంచి హఠాత్తుగా ఒక పెద్ద కేక వినబడితే అది కణితిది. చిరుత వాసన పసిగట్టి తోటివాటిని హెచ్చరిస్తోందన్నమాట.

ఈ అడవిలోనే దేవాంగపిల్లి ఉంది. గుప్పెడంత ఒళ్ళు, ముఖమంతా కళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ. తోక లేదు. కొమ్మ మీద అడుగు తీసి అడుగు వేస్తూ, చప్పుడు లేకుండా పురుగుల్ని పట్టుకు తింటుంది. పేరులో పిల్లి ఉన్నా, కోతులకు దూరపు చుట్టం. దాన్ని చూపించమని పల్లెవాళ్ళను సతాయించకండి. గట్టి టార్చి వెలుగు దాని కళ్ళలో వేస్తే చాలాసేపు దానికి ఏమీ కనబడదు. తలపైన ఏదో కొమ్మ మీద అది ఉందని తెలిసి పడుకోవడమే నాకు చాలు.

క్యాంపు అనగానే నెగడు వేసి చుట్టూ కూర్చోవాలన్న ఊహ సినిమాల నుంచి వచ్చింది. ఈ అడవిలో అది పనికిరాదు. శేషాచలం ఆకురాల్చే అడవి. మాఘమాసం నుంచే ఆకు రాలుతుంది, బోదగడ్డి ఎండి నిలబడుతుంది. అగ్గిపుల్ల చాలు. 2014 మార్చిలో తిరుమల దగ్గర ఈ కొండలు అంటుకుంటే, మంటలార్పడానికి హెలికాప్టర్లు రప్పించాల్సి వచ్చింది. అంతటి మంటలో పరుగెత్తలేని తాబేళ్ళు, నేల మీద పెట్టిన గుడ్లు, రెండాకుల మొలకలు ఏమవుతాయో చెప్పక్కరలేదు. అందుకే చట్టం అక్కడ నిప్పు పెట్టడాన్నీ, ఆరకుండా వదిలి రావడాన్నీ కూడా నేరంగానే చూస్తుంది. బీడీ, సిగరెట్టు కూడా నిప్పే.

పొద్దున ఆరింటికి బయలుదేరండి. గుడి దగ్గర నుంచి జలపాతానికి నడక ఎంతో దూరం కాదు. ఏకబిగిన నడిచేవాళ్ళు ముప్పావు గంటలో చేరతారు. రెండు గంటలు తీసుకోండి. దారి చూపేవాణ్ణి వెంటబెట్టుకోండి. ఒకసారి మాకు తోడొచ్చిన నెరబైలు పెద్దాయన, పిల్లలు కేరింతలు కొడుతుంటే కోప్పడలేదు. "అరవబాకండి సామీ, అది మనల్ని ముందే చూసేసింటుంది, మనమే ఇంకా చూడలా" అని మెల్లగా అన్నాడు. ఏది చూసిందో చెప్పలేదు. పిల్లలు దారంతా గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

దారిలో మిమ్మల్ని ఆపేది గిల్లతీగ. తీగ అంటాంగానీ, మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పాకి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా సాగిపోతుంది. దానికి కాసే కాయ మూరకు పైనే ఉంటుంది. గింజ గట్టిది, నున్నటిది, నీళ్ళలో మునగదు. ఇదే జాతి గింజలు ఏళ్ళమ్మట సముద్రాలు దాటి దూరదేశాల తీరాలకు కొట్టుకుపోతాయి. ఒకటి జేబులో వేసుకోవాలనిపిస్తుంది. వేసుకోకండి, మొలిస్తే అక్కడే మొలవాలి. ఆ తీగ మీద ఊయలలూగి ఫొటోలు దిగినవాళ్ళు చాలామందే. పేర్లు చెక్కినవాళ్ళూ ఉన్నారు. గాయమైన చోట బెరడు ఊడి తీగ ఎండుతుంది.

కొంచెం పొడి నేల వచ్చేసరికి ఎర్రచందనం కనబడుతుంది. దాని గురించి వార్తల్లో అందరూ వింటారు, చెట్టును గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. బెరడు నల్లగా, గళ్ళుగళ్ళుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. ఆకు సాధారణంగా మూడు రెక్కలది. కాయ గుండ్రంగా, పలచగా, చుట్టూ రెక్కతో ఉండి గాలికి తిరుగుతూ పడుతుంది. బెరడు మీద గాటు పడితే ఎర్రటి రసం కారుతుంది. ప్రపంచం మొత్తం మీద ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల చుట్టుపక్కలే. రాళ్ళలో, సారం లేని నేలలో, తక్కువ నీటితో, నిదానంగా పెరుగుతుంది. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. నరకడానికి ఎంతోసేపు పట్టదు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో ఈ కలప సైటీస్ ఒప్పందం ఆంక్షల కింద ఉంది. అయినా కోత ఆగలేదు. కడప, చిత్తూరు ప్రాంతాల్లో పుట్టిన బిడ్డకు వేపచెట్టు ఎలా తెలుసో ఎర్రచందనం అలా తెలియాలని నా ఆశ. గిడ్డంగుల్లో సీలువేసిన దుంగగానే చూసినవాడికి దాని మీద ఏం మమకారం పుడుతుంది? మీ పిల్లల చేత ఒకసారి ఆ బెరడును తాకించండి. చెట్టు చుట్టూ రాలిన రెక్కకాయల్ని ఏరి లెక్కపెట్టి, మళ్ళీ అక్కడే పోయించండి.

జలపాతం దగ్గరపడుతున్నకొద్దీ అడవి మారుతుంది. పైన ఎండకు మాడే చెట్లు, కిందికి దిగేసరికి పచ్చగా, దట్టంగా, నీడగా. ఇంత పొడి సీమలో ఈ నీళ్ళెక్కడివని మీకు సందేహం రావాలి. ఈ కొండల పైభాగమంతా క్వార్ట్‌జైట్ రాయి. నూరు కోట్ల ఏళ్ళకు ఎంతో పూర్వం ఇది సముద్రపు ఇసుక. ఆ ఇసుకే గట్టిపడి రాయి అయింది. కొన్ని పలకల మీద ఆనాటి అలల గీతలు ఈనాటికీ చేతికి తగులుతాయి. రాయి గట్టిదే కానీ పగుళ్ళు ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల వాన ఆ పగుళ్ళలోకి ఇంకి, లోపలే నిలిచి, ఊటలై నెలల తరబడి కొంచెం కొంచెం బయటికొస్తుంది. కొండ మీద చెట్లూ ఆకుదుమ్మూ ఉంటేనే వాన జారిపోకుండా ఇంకుతుంది. కింద పల్లెల చెరువులకూ బావులకూ ఆధారం అదే. జలపాతాన్ని చూసేటప్పుడు, నీళ్ళు పడే చోటునే కాకుండా, పక్కన కొండచరియ పగుళ్ళను కూడా చూడండి. నాచు పట్టి, చెమ్మగా, బొట్లుబొట్లుగా కారుతుంటుంది.

ఆ పగుళ్ళలోనే ఈ కొండల అపురూపమైన ప్రాణి ఒకటి దాక్కుని ఉంటుంది. కంచి గుడిలో మనం తడిమి వచ్చే బంగారు బల్లి సంగతి అందరికీ తెలుసు. ప్రాణమున్న బంగారు బల్లి శేషాచలంలో ఉందని ఎంతమందికి తెలుసు? మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ 1870లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత దాని ఊసు దాదాపు మరుగున పడిపోయింది. 1986లో, తూర్పు కనుమల్లో ఇది మళ్ళీ దొరికిందన్న వార్త బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. ఎదిగిన మగబల్లికి బంగారు ఛాయ ఉంటుంది. నీటి చెమ్మ ఉన్న రాతి సందులంటే ఇష్టం. పగలు దాక్కుని రాత్రి బయటికొస్తుంది. ఆడబల్లులు ఎన్నో ఒకే చోట, రాతి గోడకు అంటించినట్టుగా గుడ్లు పెడతాయి. రాతి గోడ మీద తెల్లటి చుక్కలు గుంపుగా కనిపిస్తే గోకవద్దు. బండల మీద రంగులతో పేర్లు రాయడం, సందుల్లో సీసాలు కుక్కడం చూసినప్పుడల్లా నాకు ఆ గుడ్లే గుర్తొస్తాయి.

ఇప్పుడు నీళ్ళ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట. జలపాతం కింద నిలబడి తడవడం వేరు, గుండంలోకి దూకడం వేరు. పైకి ప్రశాంతంగా ఉండే గుండంలో అడుగున బండలు, సొరంగాల్లాంటి సందులు ఉంటాయి. ఈత బాగా వచ్చిన యువకులు కూడా ఇలాంటి చోట్ల ప్రాణాలు పోగొట్టుకున్నారు. జలపాతం పైకి ఎక్కి అంచున నిలబడి ఫొటో దిగాలనుకునేవాళ్ళకు, ఆ రాతి మీది నాచు సబ్బుకన్నా జారుతుందని చెప్పండి. ఇంకొకటి, కోనలో ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతుండవచ్చు. నీళ్ళ రంగు మారి బురదగా వచ్చినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, సంచీల కోసం వెతుక్కోకుండా వెంటనే గట్టెక్కాలి. 2021 నవంబరు వానలకు ఇవే కొండల నుంచి దిగిన నీళ్ళు తిరుపతి వీధుల్ని ముంచాయి, శ్రీవారిమెట్టు దారిని ధ్వంసం చేశాయి.

పిల్లలున్నవాళ్ళకు మరో జాగ్రత్త. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారిని చిరుత చంపేసింది. ఆ తర్వాత పిల్లలతో నడిచేవాళ్ళకు వేళలు నిర్ణయించారు. భయపడి అడవికి వెళ్ళడమే మానమని నేను చెప్పను. పొద్దు వాలాక పిల్లలు పెద్దల మధ్యలో నడవాలి, ముందుకు పరుగెత్తకూడదు, వెనకబడకూడదు. తిండి పారెయ్యకూడదు. పారేసిన అన్నానికి కుక్కలూ అడవిపందులూ చేరతాయి, వాటి కోసం చిరుత మనుషుల దారికి దగ్గరవుతుంది. విస్తరాకే కదా, మట్టిలో కలిసిపోతుంది కదా అనుకోకుండా దాన్నీ మూటగట్టి కిందికి తేవాలి.

సబ్బు, షాంపూ పొట్లాలు వద్దు. స్పీకర్లు అసలే వద్దు. పాట మీద నాకు ఏ పగా లేదు. ఆ పాట వినబడినంత మేరా పిట్టలు ఎగిరిపోతాయి, మీ వెనక వచ్చే కుటుంబానికి అడవి వినబడకుండా పోతుంది.

ఎప్పుడు వెళ్ళాలని అడుగుతారేమో. వినాయక చవితి దాటినప్పటి నుంచి సంక్రాంతి వరకు మంచి కాలం. నీళ్ళు కావాలంటే, తుపాను హెచ్చరికలు లేని కార్తీక మార్గశిరాలు. శనాదివారాలు తప్పించగలిగితే తప్పించండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను ఇంట్లో వదిలి రావద్దు. వాళ్ళు జలపాతం దాకా ఎక్కక్కరలేదు. గుడి దగ్గర ఏటి ఒడ్డున నీడలో కూర్చోబెడితే, పైకెళ్ళి వచ్చినవాళ్ళకన్నా ఎక్కువ పిట్టల్ని వాళ్ళే చూసి ఉంటారు. చెట్ల పేర్లూ వాటి మందు గుణాలూ చాలాసార్లు ఆ ఇంట్లో వాళ్ళకే తెలుసు. కరక్కాయ దేనికి వాడతారో, చిరుమాను కర్ర నాగలికి ఎందుకు మంచిదో మనవడు వాళ్ళను అక్కడే, ఆ చెట్టు కిందే అడిగితే బాగుంటుంది.

దిగివచ్చేటప్పుడు దారి చూపిన మనిషికి బేరమాడకుండా ఇవ్వాల్సింది ఇవ్వండి. భోజనం సమితి వాళ్ళ దగ్గర ముందే చెప్పి పెట్టుకుంటే వేడివేడిగా వడ్డిస్తారు. తిని, మీ చెత్త సంచీ బండిలో వేసుకుని, ఎండ తిరిగేలోపు భాకరాపేట ఘాట్ దిగండి. ఆ మలుపుల్లో బండి నిదానంగా నడపండి.